సేవించేదెవరు?

క్రిందటి ఏడాది వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. రూపాయి లెక్క తేలకపోతే ఆ రాత్రికి నిద్రపట్టని స్వభావం. వచ్చీ రాగానే చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి బల్లమీద పరిచారు. చూద్దునుగదా, బళ్ళో పిల్లలు రంగులు వేసుకునే ఆఫ్రికా పటం! అందులో కుడిచేతివైపు, దిగువగా, ఎర్రసిరాతో చిన్న సున్నా చుట్టి ఉంది.

"మాస్టారూ, మలావీ అంటే ఇదేనట," అన్నారు సున్నామీద వేలుపెట్టి. "మా అమ్మాయి ఇక్కడికి పోతానంటోంది."

ఆ అమ్మాయి ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకుంది. అమెరికా వెళ్ళి ప్రజారోగ్యంలో పై డిగ్రీ పూర్తిచేసింది. రెండు ఉద్యోగాలు చేతిలో ఉన్నాయట. వాటిని కాదని ఏదో ఫెలోషిప్ పుచ్చుకుని, ఏడాదిపాటు మలావీలో లిలాంగ్వే దగ్గర ఒక ఆరోగ్య సంస్థలో పనిచేస్తానంటోంది. ఇంటద్దెకూ తిండికీ సరిపడా ఇస్తారు. అంతే. ఇక్కడ చదువుకు తీసిన అప్పు పదిహేడు లక్షలు అలాగే ఉంది.

"మీ మాటంటే దానికి గురి. వద్దని ఒక ఉత్తరం ముక్క రాయండి," అన్నారాయన.

కాఫీ తెచ్చిన మా ఆవిడ ఊరుకోలేదు. "మగపిల్లాడైతే పంపుదురా, అన్నయ్యగారూ?" అంది.

"మగపిల్లాడైనా పంపనమ్మా. బ్యాంకువాడు ఆడా మగా చూస్తాడా?" అని ఆయన ఒక్కక్షణం ఊరుకుని, ఈసారి కాస్త గట్టిగా అన్నారు: "అంతగా సేవ చెయ్యాలని ఉంటే మన దేశంలో పేదవాళ్ళకు కరువొచ్చిందా, మాస్టారూ? సముద్రాలు దాటి పోవాలా?"

రాస్తానని మాట ఇచ్చి పంపేశాను. తీరా కలం పట్టుకుంటే ఒక్క వాక్యం సాగలేదు. ఆయన అడిగింది తండ్రి అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు నాకు తెలిస్తేగా!

తెలుగు మాస్టరుకు ఏమీ తోచనప్పుడు మాటల వెంట పడతాడు. 'సేవ' అన్న మాట దగ్గర ఆగిపోయాను. దేవుడికి సేవ, దేశానికి సేవ, పెద్దలకు సేవ. అక్కడిదాకా బాగానే ఉంది. కాని 'సేవించు' అంటే? తీర్థం సేవిస్తాం. మందు సేవిస్తాం. 'మద్యం సేవించి వాహనము నడపరాదు' అని రోడ్డుపక్క బోర్డులు మీరూ చూసే ఉంటారు. ఇచ్చేదీ ఆ మాటే, పుచ్చుకునేదీ ఆ మాటే! సంస్కృతంలో దీని ధాతువుకు దగ్గర మసలుకోవడం, అనుభవించడం అని కూడా అర్థాలున్నాయి. ఈ రెండర్థాల్లో ఆ అమ్మాయి దేనికి పోతోందో తేలితేగాని నా ఉత్తరం సాగదని తోచింది. అందుకని ఇదివరకు అలా వెళ్ళినవాళ్ళ కథ కాస్త తిరగేశాను.

ఈ ముచ్చట ఈనాటిది కాదు. న్యూయార్కు నగరంలో హార్లెం అనే నల్లవారి పేటలో జేమ్స్ రాబిన్సన్ అని ఒక నల్లజాతి పాస్టరుండేవాడు. ఆయన 1958లో 'ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా' అనే పేరుతో అమెరికా కాలేజీ పిల్లల్ని వేసవి సెలవుల్లో ఆఫ్రికాకు పంపించాడు. ఉపన్యాసాలివ్వడానికి పంపలేదు. అక్కడి కుర్రవాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళతో సమానంగా ఒళ్ళు వంచి పనిచెయ్యాలని ఆయన ఏర్పాటు. అదే ఏడాది ఇంగ్లండులో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ అనే దంపతులు ఇలాంటి మరొక సంస్థను మొదలుపెట్టారు. వాళ్ళు మొదట పంపింది స్కూలు చదువు అప్పుడే ముగించిన పద్ధెనిమిదేళ్ళ పిల్లల్ని. డిగ్రీవాళ్ళు ఆ తరవాత చేరారు.

1960 అక్టోబరు 14న, తెల్లవారుజాము రెండుగంటల వేళ, ఎన్నికల ప్రచారంలో ఉన్న కెనడీ మిషిగన్ యూనివర్సిటీ మెట్లమీద నిలబడి, కాబోయే డాక్టర్లలో ఎంతమంది ఘనాలో పనిచెయ్యడానికి సిద్ధంగా ఉన్నారని విద్యార్థులను అడిగాడు. ఆ వేళప్పుడు కూడా వేలమంది పిల్లలు ఆయనకోసం కాచుకుని ఉన్నారట. మరుసటి సంవత్సరం మార్చి 1న 'పీస్ కోర్' ఏర్పాటైంది. రెండేళ్ళు పరాయిదేశంలో, ఆ దేశస్థుల మధ్యనే, వాళ్ళకుండే వసతులతోనే ఉండాలి. ఇంటికి తిరిగివెళ్ళేటప్పుడు నెలకు 75 డాలర్ల లెక్కన కూడబెట్టిన సొమ్ము చేతికిచ్చేవారు. ఆగస్టు 30న యాభై పైచిలుకు యువతీయువకులు ఘనా రాజధాని ఆక్రాలో దిగారు. ఘనాకు స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు దాటిందంతే. ఆ దేశం అడిగింది హైస్కూలు టీచర్లను. వీళ్ళు వచ్చింది ఆ పనికే. విమానం దిగగానే అక్కడి ట్వీ భాషలో, నేర్చుకుని వచ్చిన పాట పాడారు. స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయారు.

ఇంతవరకూ చదివి నాకు ఉత్సాహం కలిగింది. వెళ్ళిరమ్మని అమ్మాయికి రాసేద్దామనుకున్నాను. ఆ తరవాతి పుటలో తగిలింది పోస్టుకార్డు కథ.

అదే ఏడాది అక్టోబరులో, నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో మరికొందరు అమెరికన్ యువకులు, యువతులు శిక్షణ పొందుతున్నారు. అందులో ఇరవైమూడేళ్ళ అమ్మాయి ఒకతె. మంచి కాలేజీలో చదివింది, తెలివైనది. ఒకనాడు తన స్నేహితుడికి కార్డు రాసింది. ఇక్కడి మురికి, ఇక్కడి ఆటవిక జీవనం చూసి దిమ్మెరపోయాననీ, జనం వీధుల్లోనే వండుకుంటారు, అమ్ముకుంటారు, బతుకుతారనీ ఆ రాతల సారాంశం. కార్డు పోస్టుడబ్బాలో పడకుండా దారిలో జారిపోయింది. అది దొరికింది అక్కడి విద్యార్థికి. మర్నాటికల్లా దాని నకళ్ళు కాలేజీ అంతా చేతులు మారాయి. విద్యార్థులు సభచేసి మండిపడ్డారు. ఈ వచ్చినవాళ్ళు సేవకులు కాదు, గూఢచారులన్నారు. ఆ అమ్మాయి క్షమాపణ రాసిచ్చి స్వదేశానికి తిరిగివెళ్ళింది. సంగతి ప్రపంచమంతటా పత్రికల్లోకెక్కింది.

ఆ పిల్ల అబద్ధం రాసిందా అంటే, కంటికి కనిపించినదే రాసింది. మరి వాళ్ళకంత కోపమెందుకు? నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది దాటి రెండువారాలే. ఇబాదాన్‌లో చదువుకునే ఆ పిల్లలు ఆ దేశానికి రేపటి ఇంజనీర్లు, డాక్టర్లు, మంత్రులు. తమ కాలేజీలో ఉంటూ, తమ భోజనశాలలో తింటున్న అతిథి, తమ వెనకాల తమ గురించి ఇంటికి ఏమి రాసుకుంటున్నదో ఉన్నట్టుండి వాళ్ళ కళ్ళబడింది. ఎదురుగా 'సోదరా' అని, కార్డులో ఇంకొకటి!

ఇది చదివి నేను పుస్తకం మూసేశాను. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కారణం చెబుతాను.

పదిహేనేళ్ళ క్రితం, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జాతీయ సేవాపథకం కింద మా కాలేజీ పిల్లల్ని వారంరోజుల శిబిరానికి ఏజెన్సీలో ఒక కొండపల్లెకు తీసుకువెళ్ళాను. రోడ్డుకు మట్టి పోశాం. బావి చుట్టూ శుభ్రం చేశాం. సాయంత్రాలు అక్షరాస్యత గురించి నేను ఉపన్యాసాలిచ్చాను. తిరిగివచ్చి కాలేజీ పత్రికకు ఒక వ్యాసం రాశాను. 'నాగరికతకు ఆమడదూరంలో' అని మకుటం. అజ్ఞానాంధకారం, మూఢవిశ్వాసం, దారిద్ర్య దేవత – నాకు వచ్చిన సమాసాలన్నీ అందులో కుమ్మరించాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

రెండేళ్ళ తరవాత ఆ పల్లె కుర్రవాడొకడు మా కాలేజీలోనే చేరాడు. ఒకరోజు లైబ్రరీలోంచి ఆ పాత పత్రిక చేతపట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. కోపంగా లేడు. మెల్లిగా అడిగాడు: "సార్, మీరు మా ఊరి గురించి అన్నీ రాశారు. మా అమ్మ మీకు వారంరోజులు అన్నం వండిపెట్టింది. అది రాయలేదేం సార్?"

నేను ఏమి చెప్పానో నాకు జ్ఞాపకం లేదు. చెప్పదగ్గది ఏముంది గనక? ఆవిడ పేరు కూడా నేను తెలుసుకోలేదు. వారంరోజులు ఆవిడ చేతి తిండి సేవించి, 'సేవ' చేసివచ్చానని రాసుకున్నవాణ్ణి నేను. నా కార్డు కూడా దారిలో జారిపోయి, చేరవలసినవాళ్ళకే చేరింది.

పేదవాళ్ళకు మన దేశంలో కరువొచ్చిందా అని మా పెద్దమనిషి అడిగారే, దానికి నాకు అక్కడ జవాబు దొరికింది. దగ్గరా దూరమా అన్నది అసలు ప్రశ్నే కాదు. అరవై మైళ్ళ దూరంలోని పల్లెకు వెళ్ళి కూడా నేను సముద్రాలు దాటినవాడిలాగే రాశాను.

ఆమాటకొస్తే ఒకప్పుడు మనమూ అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళమే. పీస్ కోర్‌వాళ్ళు 1961 నుంచి 1976 దాకా మన దేశంలోనూ పనిచేశారు. మా తాతగారి ఊళ్ళో ఒక అమెరికన్ కుర్రాడు కోళ్ళ పెంపకం నేర్పడానికి వచ్చి రెండేళ్ళున్నాడని మా నాన్నగారు చెప్పేవారు. పంచె కట్టడం చేతకాక బెల్టు బిగించుకునేవాడట. గోంగూరపచ్చడి కంట నీళ్ళు పెట్టుకుంటూనే మారు అడిగేవాడట. ఊరంతా అతణ్ణి చూసి నవ్వేది, అతనూ నవ్వేవాడు. "వారానికొకసారి నీలంరంగు కవరులో ఇంటికి ఉత్తరం రాసేవాడురా. మన గురించి ఏం రాసేవాడో!" అని మా నాన్నగారు చాలాసార్లు అన్నారు. అతను నేర్పిన కోళ్ళ విద్య సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. యాభై ఏళ్ళు గడిచినా ఆయన మనస్సులో మిగిలింది ఆ ఉత్తరం.

పీస్ కోర్‌కు చట్టంలో రాసిపెట్టిన ఆశయాలు మూడు. అడిగిన దేశాలకు పని తెలిసినవాళ్ళను పంపడం ఒకటి. ఆ దేశస్థులకు అమెరికన్ల గురించి సరిగా తెలియడం రెండు. అమెరికన్లకు ఆ దేశస్థుల గురించి సరిగా తెలియడం మూడు. చూశారా? మూడింట రెండుపాళ్ళు తెలుసుకోవడమే. ఇచ్చేది ఒక పాలు.

అయితే వచ్చినవాడికి తెలివి రావడం కోసం పల్లెవాళ్ళు తమ రోజులు ధారపొయ్యాలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ మొదటి మాట కూడా నెరవేరాలి. బడిలో లెక్కలు చెప్పాలి, ఆసుపత్రికి మందు చేరాలి. పని రాని అభిమానం అతిథిగానే మిగిలిపోతుంది. ఏడాదికి వచ్చి, నేర్చుకునేటప్పటికే వెళ్ళిపోయేవాడివల్ల చిక్కు ఉందని ఇలాంటి పథకాలను విమర్శించేవాళ్ళు అంటూనే ఉన్నారు. అందుకే తరవాత వచ్చినవాళ్ళు పద్ధతి మార్చుకున్నారు. 2009లో మొదలైన 'గ్లోబల్ హెల్త్ కోర్' అనే సంస్థ తొలి సంవత్సరాల్లో ఒక ఏర్పాటు చేసింది. ఒక్కొక్క పనిచోటికి ఇద్దరు ఫెలోలు – ఒకరు ఆ దేశంవారు, రెండోవారు బయటినుంచి వచ్చినవారు. ఇద్దరూ ఒకే బల్లదగ్గర కూర్చుని ఏడాదిపాటు ఒకే పని చెయ్యాలి. నాకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. పక్కన కూర్చున్న మనిషి చదువుతుండగా 'ఆటవిక జీవనం' అని రాయడం ఎవరి తరం?

ఇంతకంటే పెద్ద విశేషం ఇంకొకటుంది. పోస్టుకార్డు చదివి మండిపడిన ఆ నైజీరియాయే, అంతర్యుద్ధంలో నలిగిపోయి, 1973లో తన పట్టభద్రులకు జాతీయ సేవ పెట్టింది. డిగ్రీ పుచ్చుకున్నవాళ్ళు ఏడాదిపాటు, తమది కాని రాష్ట్రానికి వెళ్ళి పనిచెయ్యాలి. భాష వేరు, మతం వేరు, వంట వేరు అయిన పరాయిచోటే తమ దేశమని తెలియాలన్నది ఆ పథకం ఉద్దేశం. ఘనా కూడా అదే ఏడాది ఇలాంటి పథకం పెట్టుకుంది. ఆపైన 1987లో నైజీరియా మరో అడుగు వేసింది. తన డాక్టర్లనూ ఇంజనీర్లనూ టీచర్లనూ తక్కిన ఆఫ్రికా దేశాలకూ, కరీబియన్, పసిఫిక్ ద్వీపాలకూ రెండేసి ఏళ్ళు పంపడం మొదలుపెట్టింది. పుచ్చుకునే చెయ్యి అని లోకం ఎవరిని అనుకున్నదో వాళ్ళే ఇచ్చే చెయ్యి అయ్యారు. ఇరవైఆరేళ్ళు పట్టింది. ఒక దేశపు జీవితంలో అదేమంత పొద్దు కాదు.

ఇదంతా అయ్యాక ఆ రాత్రి కూర్చుని ఉత్తరం రాశాను. తండ్రిగారు అడిగినట్టు వద్దని రాయలేదు. వెళ్ళమనీ రాయలేదు. అప్పు వాయిదాల సంగతి ముందు రాశాను. సేవ పేరుతో వెళ్ళి, ఆ భారం రిటైరైన తండ్రి నెత్తిన పెడితే అది ఎవరి సేవ అని అడిగాను. ఏడాది ఆలస్యంగా కట్టడానికి బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో నీవే కనుక్కుని, ఆయనకు లెక్క చూపించమన్నాను. ఆ తరవాత నా కొండపల్లె వ్యాసం సంగతి దాచకుండా రాశాను. చివర మూడు ముక్కలు:

"అమ్మాయీ, వెళ్ళేటట్టయితే వాళ్ళ చిచేవా భాష ముందునుంచీ నేర్చుకో. 'జికోమో' అంటే కృతజ్ఞతలని అర్థమట. మొదటి రోజునుంచే నీకు దానితో పని పడుతుంది. నీకు అన్నం పెట్టినవాళ్ళ పేర్లు తెలుసుకో. ఇక, ఇంటికి ఏం రాసినా, నీ పక్కన పనిచేసే వాళ్ళకు చదివి వినిపించగలిగిందే రాయి."

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. నాకు కాదు, వాళ్ళ నాన్నగారికి. వాయిదాల లెక్క మూడు కాగితాలు. మొదట ఒక ఏడాది వడ్డీ మాత్రం కట్టవచ్చట. దానికి సరిపడా సొమ్ము చదువుకునేటప్పుడు చేసిన పనిలో కూడబెట్టిందట. పెద్దమనిషి ఆ కాగితాలు నా ముందర పరిచి, కలంతో ఒక్కొక్క అంకె కొట్టుకుంటూ చూశారు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో కోపమో గర్వమో నేను పోల్చుకోలేకపోయాను. పిల్ల వెళ్ళిన రోజున మాత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

మొన్న మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో పటం లేదు, సెల్‌ఫోన్ ఉంది. అమ్మాయి కొత్తగా రాసిన ఉత్తరం అందులో ఉంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు. ఆ ఊళ్ళో మొక్కజొన్నపిండితో న్సిమా అనే ముద్ద వండుతారట, మన సంకటి లాంటిదే. దాన్ని గడ్డలు కట్టకుండా కలియబెట్టడం ఆమెకు ఇంకా రావడంలేదట. ఇంటి యజమానురాలు రోజూ నవ్వుతుందట. ఆవిడ పేరు, ఆవిడ పిల్లల పేర్లు, అన్నీ ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చే మందుల లెక్క చూసే పని తనది. తనతో పనిచేసే అక్కడి అమ్మాయికి ఆ లెక్క తనకంటే బాగా వచ్చట.

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగారు. "ఇది చూడండి, మాస్టారూ," అన్నారు. యజమానురాలు ఒకరోజు మా పిల్లను అడిగిందట: 'మీ దేశంలో ఆసుపత్రులు అన్నిటికీ డాక్టర్లున్నారా? అందరూ చదువుకున్నారా? అక్కడ పనేమీ మిగల్లేదా, ఇంతదూరం వచ్చావు?'

"నేను అడిగిన మాటే!" అన్నారాయన.

"మరి మీ అమ్మాయి ఏం చెప్పిందట?" అని మా ఆవిడ అడిగింది.

ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఏమీ చెప్పలేకపోయిందట. 'మా నాన్న కూడా అదే అడిగారండీ' అన్నదట. దానికి ఆవిడ, మీ నాన్న మంచివాడులా ఉన్నాడు, నా మాటగా అడిగానని రాయి అన్నదట."

కాఫీ చల్లారిపోయింది. మా ఆవిడ వేడిచేసి తెస్తానని గ్లాసు పుచ్చుకుని లోపలికి వెళ్ళింది. పెద్దమనిషి కాసేపు ఏదో ఆలోచించి, జేబులోంచి కలం తీశారు.

"ఆ కృతజ్ఞత మాట ఏమిటో ఒకసారి చెప్పండి, మాస్టారూ," అన్నారు. "రాసుకుంటాను."